ఇంట్లో రెండు హ్యామ్‌స్టర్లు, బయట రోహిణి కార్తె: కోనసీమలో పెంచేవాళ్లు ఎవరైనా ఉన్నారా?

లంకవాసి
అందరికీ నమస్కారం అండీ. మాది ముమ్మిడివరం పక్కన పల్లెటూరు. మా బావమరిది హైదరాబాద్ నుంచి వస్తూ మా అమ్మాయి పుట్టినరోజుకని రెండు హ్యామ్‌స్టర్లు పట్టుకొచ్చాడు, ఎలకల్లాంటి పెంపుడు జంతువులు. బంగారం రంగు, పొట్ట దగ్గర తెలుపు, ఒక్కోటీ అరచేతి నిండా ఉంటుంది. వాటితోపాటు ఓ చిన్న ఇనప పంజరం, అందులో బుల్లి చక్రం ఇచ్చారు. షాపువాడు "జంటగా ఉంచితేనే బతుకుతాయి, ఒంటరిగా ఉంటే బెంగపెట్టుకుంటాయి" అన్నాడట. ఇక్కడికొచ్చాక పగలంతా పడుకుని, రాత్రి పదకొండు దాటాక ఒకదాన్నొకటి తరుముకుంటూ కీచుకీచుమని గోల. ఆడుకుంటున్నాయని మా పాప అంటోంది.

ఏసీ లేదు, ఫ్యానే. కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు. ఈ ఎండకి తట్టుకుంటాయా? పక్కనే రైసుమిల్లు ఉంది కాబట్టి కింద ఊక పోస్తే సరిపోతుందా? తిండికి ధాన్యం, వేరుశనగ గుళ్లు వేస్తున్నాం, చాలా? మా నాన్నగారైతే పంజరం వైపు చూడటం కూడా లేదు. "చేలో ఎలకలకి బుట్టలు పెట్టించి, డబ్బులిచ్చి పట్టిస్తున్నాం, మీరు డబ్బులిచ్చి ఇంట్లోకి తెస్తారా" అని ఒకటే ఎటకారం.

కాకినాడ కాజా
మిగతా ప్రశ్నలు తర్వాత. ముందు ఆ రెంటినీ విడదీయండి. రేపు కాదు, ఇప్పుడే. మీరు చెప్పిన రంగు, సైజు చూస్తే అవి సిరియన్ హ్యామ్‌స్టర్లు. అవి ఒంటరి జంతువులు, పెద్దవయ్యాక ఇంకోదాన్ని తమ చోట్లోకి రానివ్వవు. రాత్రి మీరు వింటున్నది ఆట కాదు, కొట్లాట. తెల్లారేసరికి ఒకటి చచ్చి పడి ఉండటం, చెవి తెగి ఉండటం ఇదంతా మామూలే. పెద్ద ప్లాస్టిక్ టబ్బు ఏదైనా ఉంటే దానికి పైన జాలీ కట్టి ఒకదాన్ని అందులో వేయండి. ఒంటరిగా ఉంటే బెంగపెట్టుకుంటాయనేది రెండు అమ్ముకోడానికి చెప్పే మాట.

గట్టుమీద గుమాస్తా
మీ నాన్నగారికి నా ఓటు 😄 మా ఊళ్లో బుట్టలు పెట్టేవాళ్లకి తోక లెక్కన డబ్బులిస్తాం. వీటికి తోకే లేదు, లెక్క ఎలా కడతారో.

లంకవాసి
కాజా గారూ, మీ మెసేజ్ చూడగానే లేచి విడదీశానండి. బియ్యం పోసుకునే పెద్ద టబ్బు ఖాళీ చేయించి ఒకదాన్ని అందులో పెట్టాను, మా ఆవిడ నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయలేను. విడదీసేటప్పుడు ఇంకో టెన్షన్ పట్టుకుంది. ఒకదానికి రెండు పక్కలా తొడల పైన నల్లగా, బొచ్చు పలచబడి మచ్చలున్నాయి, గజ్జి ఏమో. దానికే వెనక తోక దగ్గర రెండు గడ్డలు, బాగా పెద్దవి. ఫొటో పెట్టాను చూడండి. క్యాన్సరా? పళ్లు కూడా పసుపు పచ్చగా ఉన్నాయి.

వెటర్నరీ ఫైనలియర్
అన్నా, నేను గన్నవరంలో వెటర్నరీ చదువుతున్నా. ఫొటో చూశాను. ఆ గడ్డలు వృషణాలు. మగ హ్యామ్‌స్టర్లకి ఒంటి సైజుతో పోలిస్తే అవి అంత పెద్దగానే ఉంటాయి, ఎండాకాలంలో ఇంకా కిందికి జారి కనిపిస్తాయి. కొత్తగా పెంచేవాళ్లు సగం మంది ఇదే చూసి కంగారు పడతారు. నల్ల మచ్చలు వాసన గ్రంథులు, తన చోటుకి గుర్తు పెట్టుకోడానికి వాటిని గోడలకేసి రుద్దుతుంది. గోకుతూ పుండు పడితే తప్ప పట్టించుకోకండి. పళ్లు పసుపుగా, నారింజ రంగుగా ఉంటేనే ఆరోగ్యం, తెల్లగా పెళుసుగా ఉంటే అప్పుడు ఆలోచించాలి.

అయితే అసలు విషయం వేరే ఉంది. ఇది మగది, రెండోదానికి ఇలా లేదంటే అది ఆడది. ఆడదానికి నాలుగు రోజులకోసారి ఎద వస్తుంది, చూలు 16 రోజులే. షాపులో కూడా కలిపే ఉంచారు కాబట్టి ఈపాటికే కట్టి ఉండొచ్చు. దాన్ని పెద్ద చోట్లో పెట్టి, కదిలించకుండా వదిలేయండి. గూడు కట్టుకోడానికి రంగు, సెంటు లేని టిష్యూ కాగితాలు చింపి వేయండి. దూది మాత్రం వద్దు, పోగులు కాళ్లకి చుట్టుకుంటాయి, మింగితే పేగులకి అడ్డం పడతాయి. తిండిలో ఉడికించిన గుడ్డు చిన్న ముక్క కలపండి.

లంకవాసి
పిల్లలా?? మా నాన్నగారికి ఈ మాట ఎవరు చెప్తారు.

పాలకొల్లు అక్క
తమ్ముడూ, నేను ఇలాంటిదాన్నే పెంచుతున్నా, ఇది నా రెండోది. మొదటిది వయసైపోయి పోయింది, వీటి ఆయుష్షు రెండేళ్లు, మహా అయితే మూడు, పాపకి ఆ సంగతి మెల్లగా ఇప్పట్నుంచే చెప్పి ఉంచండి. ఎండ గురించి నాకు తెలిసింది రాస్తాను, కాస్త పొడుగవుతుంది.

ఇంటర్నెట్లో రాసేవన్నీ చలి దేశాల వాళ్లకి. 18 నుంచి 24 డిగ్రీలు అంటారు, మనకి జనవరి తెల్లవారుజామున తప్ప అంత ఎక్కడిది? 30 దాటితే దానికి కష్టం మొదలవుతుంది. మన దగ్గర ఎండ ఒక్కటే అయితే ఎలాగోలా నెట్టుకురావచ్చు, దాంతోపాటు ఉక్క ఉంది చూశారూ, అదీ ప్రాణం తీసేది. హ్యామ్‌స్టర్‌కి మనలా చెమట పట్టదు, అందుకే ఫ్యాన్ గాలి మనకి చల్లగా ఉన్నంతగా దానికి ఉండదు, పైగా నేరుగా తగిలితే కళ్లకి, ముక్కుకి ఇబ్బంది. కూలర్ పెడితే ఇంకా ఘోరం, తలుపులేసిన గదిలో కూలర్ అంటే ఉక్కని ఇంకా పెంచడమే.

మరేం చేయాలంటే, ముందు చోటు మార్చండి. డాబా మీద గది, రేకుల వరండా వద్దే వద్దు. ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండేది ఏ గదో మీ అమ్మగారిని అడగండి, ఆవిడ మధ్యాహ్నం ఎక్కడ నడుం వాలుస్తారో అదే. మాకైతే పెరటి వైపు ధాన్యం గది. కుమ్మరి దగ్గర చిన్న మట్టి కుండ కొని అడ్డంగా పెట్టండి, మూతి సాఫీగా ఉండాలి. నేను దాన్ని పెట్టె అడుగున పోసే కాగితం, గడ్డి పరుపులో సగం దాకా పాతేస్తాను, నడివేసవిలో మా బుజ్జిది కదలకుండా అందులోనే పడి ఉంటుంది. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన గ్రానైట్ ముక్కో, టైలో ఉంటే ఒక మూల వేయండి, పొట్ట ఆనించి పడుకుంటుంది. నీళ్ల సీసా గడ్డకట్టించి, గుడ్డ చుట్టి, పెట్టె బయట ఒక పక్కకి ఆనించి పెట్టాలి. లోపల వద్దు, గుడ్డ కొరికేస్తుంది, పరుపు తడుస్తుంది. కరెంటు కోత ఉంటుందని తెలిస్తే పొద్దున్నే రెండు సీసాలు ఫ్రిజ్‌లో పడేయండి. తడిగుడ్డ పెట్టె మీద కప్పేవాళ్లున్నారు, ఆ పని చేయకండి, గాలాడదు.

వడదెబ్బ ఎలా తెలుస్తుందంటే, కాళ్లు చాపి బల్లపరుపుగా పడి ఉండి ఎగశ్వాస తీస్తుంటుంది, మూతి తడిగా ఉంటుంది, లేపితే తూలుతుంది. వెంటనే చల్లటి చోటుకి మార్చి, మామూలు నీళ్లతో పాదాలు, చెవులు తడపాలి. ఐసు నీళ్లలో ముంచకూడదు. తేరుకున్నాక తాగడానికి నీళ్లు, కీరా ముక్క. ఇది నిద్రాణస్థితి, దానంతటదే లేస్తుంది అని ఎవరైనా చెబితే వినకండి. అది చలికి వచ్చేది. రోహిణి కార్తెలో ఒళ్లు వాలిపోయిందంటే అది వడదెబ్బే.

కాకినాడ కాజా
అక్క చెప్పినదానికి ఒక్కటే కలుపుతా. ఉష్ణోగ్రత, తేమ రెండూ చూపించే చిన్న మీటరు ఆన్‌లైన్లో తక్కువకే దొరుకుతుంది. పెట్టె పక్కన పెట్టుకోండి. ఊహల మీద నడపొద్దు.

మిల్లు రోడ్డు
ఊక వద్దంటున్నారా ఎవరైనా? మా బంధువుల కోళ్లఫారాల్లో షెడ్డు నిండా ఊకే పోస్తారు, వేల కోళ్లు హాయిగా ఉన్నాయి. అంత ఖర్చుపెట్టి కాగితాల పరుపు కొనాలా ఈ చిట్టెలకకి?

వెటర్నరీ ఫైనలియర్
కోడి ఊక మీద నడుస్తుంది. ఇది అందులో తలదూర్చి సొరంగం తవ్వుతుంది, అందులోనే పడుకుంటుంది, ఆ ఊకనే బుగ్గల సంచుల్లో కుక్కుకుని మోస్తుంది. ఊక కొసలు గరుకుగా ఉంటాయి, ధూళి ఎక్కువ. బుగ్గలోపల గీసుకుపోతే చీము పడుతుంది, ధూళికి తుమ్ములు, న్యుమోనియా. ఒక పూట వేసినంత మాత్రాన చచ్చిపోదు కానీ శాశ్వతంగా పరుపుగా వద్దు. పైగా ఊక నొక్కుకుని సొరంగం నిలబడదు, కూలిపోతుంది.

మిల్లు రోడ్డు
మరి కొబ్బరి పొట్టు? అంబాజీపేట వైపు కుప్పలు కుప్పలు.

పాలకొల్లు అక్క
అది నీళ్లు పట్టి ఉంచుతుంది కదా, నర్సరీల వాళ్లు కొనేది అందుకే. మన వాతావరణంలో రెండ్రోజుల్లో చెమ్మ, తర్వాత బూజు. కొబ్బరి చిప్ప మాత్రం బ్రహ్మాండం. కొబ్బరి మొత్తం గీకేసి, అంచు గరుకు కాగితంతో రుద్ది బోర్లిస్తే దాక్కోడానికి ఇల్లు. సిరియన్‌కి పెద్ద కాయ చిప్ప కావాలి, దూరే కంత కనీసం ఏడు సెంటీమీటర్లు ఉండాలి, బుగ్గలు నిండినప్పుడు ఇరుక్కుపోతుంది. సామిల్లు రంపపు పొట్టు కూడా అడగొద్దు, అందులో ఏయే కర్రలు కలిశాయో ఎవరికీ తెలీదు, దేవదారు, పైన్ కర్రల వాసన వీటి ఊపిరితిత్తులకి పడదు. నేను వాడేది అచ్చు లేని కాగితం, మెత్తని ఎండుగడ్డి కలిపి. వరిగడ్డి కొంచెం కోసి కలిపినా పొరలు నిలబడతాయి, కానీ ఎండలో బాగా ఆరినదై ఉండాలి, మందు కొట్టిన చేలోది కాకూడదు. వానాకాలం వారానికోసారి చెయ్యి లోపలిదాకా పెట్టి అడుగున చెమ్మ ఉందేమో చూస్తాను.

కాకినాడ కాజా
లోతు చెప్పడం మర్చిపోయారు. ఇరవై, పాతిక సెంటీమీటర్లకి తక్కువ కాకుండా పోయాలి. ఆ ఇనప పంజరంలో అంత పోస్తే అంతా బయటికి రాలిపోతుంది, అందుకే ఆ పంజరం తీసి అటక మీద పడేయండి. జర్మనీలో పశువైద్యులు కనీసం మీటరు పొడుగు, అర మీటరు వెడల్పు ఉండాలంటారు. మన దగ్గర అది అసాధ్యమేం కాదు. పాత అక్వేరియం ఉంటే దానికి జాలీ మూత, లేదంటే వడ్రంగి చేత చెక్కపెట్టె చేయించి ముందువైపు అద్దం, పక్కల జాలీ. మన ఉక్కకి పక్కల జాలీ ఉన్న చెక్కపెట్టే మేలు, అక్వేరియంలో గాలి నిలిచిపోతుంది. చక్రం కూడా మార్చాలి. సిరియన్‌కి 28 సెంటీమీటర్ల వ్యాసం కావాలి, ఊచలు లేకుండా అడుగు మూసి ఉన్నది. మీకిచ్చిన బుల్లి చక్రంలో నడుం వంచి పరిగెత్తితే వెన్ను పాడవుతుంది. రాత్రికి కిలోమీటర్లు పరిగెత్తే జంతువది.

గట్టుమీద గుమాస్తా
మీటరు పొడుగు పెట్టె, గ్రానైట్, మట్టికుండ, ఫ్రిజ్ నీళ్లు. నాకు పెళ్లయినప్పుడు అద్దెకి దొరికిన గది ఇంతకంటే చిన్నది.

లంకవాసి
ఊక తీసేశాను. వడ్రంగికి చెప్పాను, "ఏం పెడతారండి ఇందులో" అంటే కుందేలు అన్నాను. తిండి సంగతి ఎవరూ చెప్పలేదు. విత్తనాలకని తెచ్చిన బస్తాలోంచి ధాన్యం తీసి వేస్తున్నాను, పర్లేదా? మా అమ్మ నిన్న బంగినపల్లి ముక్క పెట్టింది, మొత్తం నోట్లో దాచేసుకుంది.

వెటర్నరీ ఫైనలియర్
అన్నా, విత్తన బస్తా వెంటనే ఆపండి!! విత్తన ధాన్యానికి కార్బెండజిమ్ లాంటి తెగులు మందు పట్టించి ఉంటుంది, రంగు కనిపించకపోయినా సరే. తినే ధాన్యమే వేయాలి. అదీ ఎప్పుడో కాసిని. మామూలుగా ఇంట్లో సజ్జలు, కొర్రలు, జొన్నలు, ఓట్సు, కొద్దిగా గోధుమలు కలిపి పెట్టుకోండి, దాంతోపాటు హ్యామ్‌స్టర్ల కోసం అమ్మే గుళికలు దొరికితే కలపండి. మాంసకృత్తులు 16 నుంచి 18 శాతం ఉండాలి, ఒట్టి గింజలతో అది రాదు, అందుకే వారానికి రెండుసార్లు గుడ్డు ముక్కో, ఉడికిన కోడిమాంసం పీసో, ఉప్పూ కారం లేకుండా. వేరుశనగ, పొద్దుతిరుగుడు గింజలు చేత్తో మచ్చిక చేసుకోడానికి ఒకటీ అరా చాలు, కొవ్వు. కీరా, క్యారెట్, కొత్తిమీర కొద్దికొద్దిగా. ఉల్లి, వెల్లుల్లి, నిమ్మజాతి పళ్లు, చాక్లెట్ వద్దు. రోజుకి రెండు చెంచాలకి మించక్కర్లేదు, గిన్నె ఖాళీ అయిందంటే తినేసిందని కాదు, మూల ఎక్కడో దాచిందని.

పాలకొల్లు అక్క
ఆ దాచుకున్నదే మన వైపు పెద్ద సమస్య. మామిడిపండు ముక్క పరుపు అడుగున దాస్తే పొద్దుటికి పులిసి, సాయంత్రానికి చీమలు. పళ్లు పెడితే గోరంత పెట్టి, తెల్లారగానే మిగిలింది తీసేయాలి. పొడి గింజల నిల్వ మాత్రం కదపకండి, ఖాళీ చేస్తే దానికి బెంగ. చీమలకి మా పాత పద్ధతే, బల్ల నాలుగు కాళ్ల కింద నీళ్ల పళ్లేలు. చీమల చాక్‌పీసు గీయకండి, విషం. దోమల చుట్ట పొగ, ధూపం కూడా ఆ గదిలో వద్దు, పెట్టె మీద దోమతెర ముక్క వేసేయండి.

కాలవ పక్క ఇల్లు
పాముల మాట ఎవరూ ఎత్తలేదే. కాలవ గట్టు పక్కన ఇళ్లకి జెర్రిపోతులు ఎలకల కోసమే వస్తాయి. ఈ వాసనా దానికి ఎలక వాసనే. జాలీ కన్నం సన్నగా ఉండేట్టు చూసుకోండి, మూతకి గొళ్లెం పెట్టండి. పిల్లి సంగతి చెప్పక్కర్లేదు. ఇంట్లో ఎలకల మందు బిస్కెట్లు పెట్టి ఉంటే అన్నీ ఏరి పారేయండి, ఇది ఒకసారి తప్పించుకుందంటే మొదట తినేది అదే.

విశ్రాంత రైతు
బాబూ, మీ నాన్నగారి మాటలో కొంత న్యాయం ఉంది. మా ఊళ్లో ఎలక జ్వరం వచ్చినవాళ్లని చూశాను, పొలం ఎలకల మూత్రం కలిసిన నీళ్ల వల్ల వచ్చేది. ఇంట్లో చిన్నపిల్ల ఉంది కదా.

వెటర్నరీ ఫైనలియర్
నిజమేనండి తాతగారూ, పెంపుడు హ్యామ్‌స్టర్ నుంచి అది రావడం అరుదు, కానీ బయట ఎలకలు దీని తిండి గిన్నె మీదో, గింజల డబ్బా మీదో తిరిగితే రావచ్చు. గింజలు మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టాలి, ముట్టుకున్నాక పాప సబ్బుతో చేతులు కడుక్కోవాలి. కరిస్తే కుళాయి కింద సబ్బుతో బాగా కడిగి డాక్టరుకి చూపించి టీటీ సంగతి అడగండి. ఇంట్లో పెరిగే హ్యామ్‌స్టర్లలో రేబిస్ దాదాపు కనిపించదు.

ఇంకో సంగతి మీ నాన్నగారికి చెప్పండి. లోకంలో పెంపుడు సిరియన్‌లన్నీ దాదాపుగా 1930లో సిరియాలో అలెప్పో దగ్గర ఒకే బొరియలోంచి తవ్వి తీసిన తల్లీపిల్లల సంతతే. జెరూసలేంలో హీబ్రూ విశ్వవిద్యాలయానికి చెందిన అహరోని అనే జంతుశాస్త్రవేత్త తెప్పించాడు. ఆ అలెప్పో చుట్టుపక్కల ఇవి ఉండేది గోధుమ, పప్పుధాన్యాల చేలల్లోనే, అక్కడి రైతులకీ ఇవంటే పడదు.

లంకవాసి
చెప్పానండి. "అదీ, నేను చెప్పలా" అన్నారు. అన్నాక మొదటిసారి పంజరం దగ్గరికొచ్చి చూశారు.

రాజోలు రాజా
మా దాన్ని ఒకసారి విరేచనాలు పట్టుకుంటే మెడికల్ షాపులో అమాక్సిసిలిన్ సిరప్ తెచ్చి ఓ చుక్క వేయమన్నారు ఎవరో. పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లడం కంటే అదే తేలిక, గేదెలు చూసే డాక్టరు దీన్నేం చూస్తాడు?

వెటర్నరీ ఫైనలియర్
ఈ సలహా దయచేసి ఎవరూ పాటించొద్దు. పెన్సిలిన్, ఆంపిసిలిన్, అమాక్సిసిలిన్, లింకోమైసిన్ హ్యామ్‌స్టర్‌కి నోట్లో వేస్తే పేగుల్లో ఉండే మంచి బ్యాక్టీరియా చచ్చి క్లాస్ట్రిడియం అనే చెడ్డ బ్యాక్టీరియా పెరిగిపోతుంది, ఆ విషంతో కొద్దిరోజుల్లో పోతుంది. మనుషుల మందు, కోళ్ల మందు ఏదీ సొంతంగా వేయకండి. తోక కింద తడిగా, దుర్వాసనగా, ఒళ్లు ముడుచుకుని కూర్చుంటే దాన్ని వెట్ టెయిల్ అంటారు, ఎక్కువగా కొత్తగా కొన్న చిన్న పిల్లల్లో వస్తుంది, రెండ్రోజుల్లో ప్రాణం పోవచ్చు. ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. గేదెలు చూసే డాక్టరైనా చదివింది ఇవన్నీ కలిపే. ముందు ఫోన్ చేసి, ఎంత బరువుందో వంటింటి త్రాసు మీద చూసి చెప్పండి, మందు మోతాదు బరువు మీదే.

మిల్లు రోడ్డు
స్నానం చేయించాలా వీటికి?

కాకినాడ కాజా
నీళ్లతో ఎప్పుడూ వద్దు. ఇసుక స్నానం. గోదావరి ఇసుక మనకి కరువా? సన్నని జల్లెడ పట్టి, రెండుమూడుసార్లు కడిగి, ఎండబెట్టి, మూకుట్లో వేయించి చల్లార్చి ఓ గిన్నెలో పోయండి, అదే దొర్లుకుంటుంది. అంతర్వేది బీచ్ ఇసుక తేకండి, ఉప్పు. టాల్కం పౌడర్‌లా ఉండే డస్ట్ అమ్ముతారు, అదీ వద్దు.

లంకవాసి
చాలా రోజుల తర్వాత రాస్తున్నాను. పిల్లలు పుట్టాయండీ. గులాబీ రంగులో, బొచ్చు లేకుండా, గూట్లో కుప్పగా ఉన్నాయి, కళ్లు తెరవలేదు. పాప ఒకదాన్ని పట్టుకుంటానని ఏడుపు. మా నాన్నగారు గది తలుపుకి గొళ్లెం పెట్టి తాళం చెవి జేబులో వేసుకున్నారు. పొద్దున లేచి సీసా నీళ్లు ఆయనే మారుస్తున్నారు, మమ్మల్ని నమ్మట్లేదు.

వెటర్నరీ ఫైనలియర్
తాతగారు చేసిందే కరెక్ట్. రెండు వారాలు పిల్లల్ని ముట్టుకోవద్దు, పెట్టె కడగొద్దు, గూడు కదపొద్దు. బెదిరితే తల్లి పిల్లల్ని తినేస్తుంది. నీళ్లు, తిండి మాత్రం ఆపకండి, గుడ్డు పెంచండి. రెండు వారాలకి కళ్లు తెరుస్తాయి, మూడు వారాలకి పాలు మానతాయి. నాలుగు వారాలు దాటకముందే మగవాటినీ ఆడవాటినీ వేరు చేయాలి, అంతకంటే ఆలస్యమైతే మళ్లీ ఇదే కథ. రెండు నెలలు వచ్చేసరికి ఒక్కోదానికి ఒక్కో పెట్టె.

రాజోలు రాజా
నాకు రెండు ఇస్తారా? మగది, ఆడది.

పాలకొల్లు అక్క
పైనుంచి ఒక్క ముక్కైనా చదివావా నాయనా?

రాజోలు రాజా
సరే సరే. ఒకటే. మగది. పెట్టె చేయిస్తున్నా.

లంకవాసి
మా నాన్నగారు చెప్పమన్నారు: పెట్టె ఫొటో పంపితేనే పిల్ల. పాలు మానాక, ఉదయం ఏడు లోపు వచ్చి తీసుకెళ్లాలి, ఎండెక్కాక వస్తే ఇవ్వరట. డబ్బులేం వద్దు, కాస్త మంచి సజ్జలు దొరికితే తెమ్మన్నారు.